చంకలో బిళ్ళ ఎందుకు కడుతుంది?

నాచారం పారిశ్రామికవాడలో ఒక లేత్ షెడ్డు అనుకుందాం. మిషన్ మీద కడ్డీ తిరుగుతుంటే ఇనుము చుట్టలు చుట్టలుగా రాలి కింద పడుతోంది. ఊడ్చే కుర్రాడు తొందరలో చీపురు వదిలేసి చేత్తోనే ఎత్తాడు. వేలికొసలో సన్నటి ముక్క దిగింది. పీకి పారేసి మళ్ళీ పనిలో పడ్డాడు. సాయంత్రానికి వేలు ఎర్రబడింది. మర్నాడు వాచి, సలపడం మొదలైంది. మూడోనాడు పొద్దున్నే మేస్త్రీ దగ్గరికొచ్చి, “సంకల బిల్ల గట్టిందన్నా” అన్నాడు.

మేస్త్రీకి ఇందులో వింతేమీ లేదు. చేతికి దెబ్బ తగిలితే చంకలో, కాలికి ముల్లు గుచ్చుకుంటే గజ్జలో, పన్ను పుచ్చితే దవడ కింద బిళ్ళ కడుతుందని మన ఊళ్ళలో ప్రతి ముసలమ్మకీ తెలుసు. కానీ దెబ్బ వేలికైతే వాపు చంకలో ఎందుకు? చెడురక్తం అక్కడికి చేరిందనో, విషం పాకిందనో పెద్దవాళ్ళు చెబుతారు. నిజానికి అక్కడ చేరింది చెడు కాదు. వేలి దగ్గర ఏం జరిగిందో తెలుసుకుని, దానికి విరుగుడు వెతకడానికి ఒంట్లోని కణాలు కోట్ల సంఖ్యలో గుమిగూడాయి. ఆ గుంపు బరువే బిళ్ళ.

ముందు వేలి దగ్గర

చర్మం మన మొదటి గోడ. కన్నీరు, ఉమ్మి, ముక్కులో చీమిడి, కడుపులో ఆమ్లం కూడా ఆ గోడలో భాగాలే. వీటి గురించి ఎవరూ పెద్దగా చెప్పుకోరు గానీ, మన మీదికి వచ్చే సూక్ష్మజీవుల్లో అత్యధికం వీటి దగ్గరే ఆగిపోతాయి. ఇనుప ముక్క చేసింది ఆ గోడకు కన్నం వేయడం. కన్నంలోంచి బాక్టీరియా లోపలికి పోయింది.

గాయం పడ్డచోట కణాలు చిట్లగానే కొన్ని రసాయనాలు బయటికొస్తాయి. అవి చుట్టుపక్కల సన్నటి రక్తనాళాలను వెడల్పు చేస్తాయి. రక్తం ఎక్కువగా చేరుతుంది కాబట్టి ఎరుపు, వేడి. నాళాల గోడలు వదులై నీరు బయటికి ఊరుతుంది కాబట్టి వాపు. నరాల కొసలు రెచ్చిపోతాయి కాబట్టి సలుపు. మనం జబ్బు అనుకునే ఈ నాలుగూ చాలావరకు మన ఒళ్ళు చేసుకుంటున్న ఏర్పాట్లే. ఆ వదులైన గోడల సందుల్లోంచే న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు దూరి, గాయంలోకి దిగి, బాక్టీరియాను మింగేస్తాయి. మన ఎముకల మూలుగలో ఇవి రోజుకు పదివేల కోట్ల దాకా తయారవుతాయి. ఎక్కువ కాలం బతకవు. మింగినంత మింగి అక్కడే చచ్చిపోతాయి. చీము అని మనం అసహ్యించుకునేది చాలావరకు వాటి శవాల కుప్ప.

ఈ మింగుడు సంగతి మొదట గమనించింది రష్యన్ శాస్త్రవేత్త మెచ్నికాఫ్. 1882లో ఇటలీలోని మెస్సీనా తీరంలో, నక్షత్రచేప పిల్ల పారదర్శకమైన ఒంట్లోకి ఒక ముల్లు గుచ్చి, మర్నాడు సూక్ష్మదర్శినిలో చూశాడు. ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. ముల్లు గుచ్చుకుంటే ఏమవుతుందన్న మన ముసలమ్మల ప్రశ్నే ఆయన్ని నోబెల్ బహుమతి దాకా తీసుకెళ్ళింది.

తాళం చూడకుండానే చెవులు చేసేవాడు

మింగే కణాలకు ఒక లోపం ఉంది. వాటికి కొత్తవాణ్ణి చూస్తే ‘పరాయివాడు’ అని తెలుస్తుంది గానీ, ‘ఫలానావాడు’ అని తెలియదు. అందుకే గాయం దగ్గర మరో రకం కణాలు కూడా ఉంటాయి. వీటికి చెట్టుకొమ్మల్లా చేతులు సాగి ఉంటాయి. వీటి పని చంపడం కాదు, కబురు మోయడం. దొరికిన సూక్ష్మజీవిని తుంచి, ఆ తునకలను తమ ఒంటిమీద తగిలించుకుని, శోషనాళాల వెంట దగ్గర్లోని శోషగ్రంథికి చేరతాయి. వేలి నుంచి బయలుదేరితే చేరేది ప్రధానంగా చంకకు. మన ఒంట్లో ఇలాంటి గ్రంథులు సుమారు 600 ఉంటాయి. మామూలప్పుడు చిక్కుడు గింజంత కూడా ఉండవు.

అక్కడ అసలు కథ మొదలవుతుంది. ఉప్పల్ చౌరస్తా లాంటి చోట్ల ఫుట్‌పాత్ మీద తాళంచెవుల గుత్తులు వేలాడదీసుకుని కూర్చునేవాళ్ళను చూసే ఉంటారు. తాళం ఇస్తే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆకురాయితో గీకి గీకి సరిపోయే చెవి చేస్తారు. మన ఒళ్ళు కూడా అలాగే చేస్తుందని, అంటే క్రిమి ఆకారాన్ని చూసి దానికి తగ్గ ఆయుధాన్ని అప్పటికప్పుడు మలుస్తుందని చాలాకాలం పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే అనుకున్నారు. అలా కాదు. ఒళ్ళు ఏ తాళాన్నీ చూడకుండానే, కళ్ళు మూసుకుని, రకరకాల చెవులు కోట్లకొద్దీ ముందే చేసిపెట్టుకుంటుంది. బి కణం అనే ఒక్కో తెల్లకణం చేతిలో ఒక్కో రకం చెవి. వాటిలో నూటికి తొంభైతొమ్మిదింటికి పైగా జీవితాంతం ఏ తాళానికీ పనికిరాకుండానే పోవచ్చు. తునకలు మోసుకొచ్చిన కణం గ్రంథిలోకి రాగానే, అటుగా వెళ్ళే వేలవేల కణాలు తమ చెవిని పెట్టి చూసుకుంటాయి. ఎక్కడో ఒకదానికి తాళం కదులుతుంది.

కదిలిన ఆ ఒక్క కణం అప్పుడు విభజన మొదలుపెడుతుంది. ఒకటి రెండు, రెండు నాలుగు. వారం తిరిగేసరికి వేలకు వేలు. చంకలో బిళ్ళ కట్టిందంటే ఆ గుణింతం నడుస్తోందని అర్థం. పైగా ఈ విభజనలో కావాలనే చిన్న చిన్న తప్పులు దొర్లుతాయి. ఒక్కో పిల్లకణం చెవి కాస్త తేడాగా వస్తుంది. బాగా పట్టేది నిలుస్తుంది, పట్టనిది చచ్చిపోతుంది. వదులుగా తిరిగే చెవితో మొదలై, పది పదిహేను రోజుల్లో బిగుతుగా పట్టే చెవి తయారవుతుంది. ఆ చెవులు కణం నుంచి విడిపోయి రక్తంలోకి వెలువడితే వాటినే యాంటీబాడీలు, తెలుగులో ప్రతిరక్షకాలు అంటున్నాం. ఒక్కో కణం సెకనుకు వేలకొద్దీ విడుదల చేయగలదు.

ఇక్కడ ఒక లెక్క కుదరదు. మనిషికి ఉన్న జన్యువులు సుమారు 20 వేలు. అన్ని కోట్ల రకాల చెవులకు నమూనాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? టిఫిన్ సెంటర్ వాడిని అడగండి, చెబుతాడు. నాలుగు రకాల టిఫిన్లు, మూడు చట్నీలు, సాంబారు, కారప్పొడి ఉంటే, ఏ రెండు ప్లేట్లూ ఒకలా లేకుండా చాలాసేపు నడిపించవచ్చు. బి కణం కూడా పుట్టేటప్పుడు కొన్ని జన్యు ముక్కలను ఇక్కడొకటి అక్కడొకటి ఏరి అతికించుకుంటుంది. ఏ ముక్క వస్తుందన్నది లాటరీ. ఈ సంగతి బయటపెట్టిన జపాన్ శాస్త్రవేత్త సుసుము టోనెగావాకు 1987లో నోబెల్ వచ్చింది. ఉప్పల్ రోడ్డు మీది సీసీఎంబీని, అంటే కణ అణు జీవశాస్త్ర కేంద్రాన్ని, జాతికి అంకితం చేసిందీ ఆ ఏడాదే.

చెత్తబుట్ట తనిఖీ

యాంటీబాడీలు రక్తంలో తిరిగే క్రిమిని పట్టుకోగలవు. వైరస్ కణం లోపలికి దూరి తలుపేసుకుంటే వాటికి దొరకదు. దీనికి ఒళ్ళు చేసుకున్న ఏర్పాటు నాకు అన్నిటికంటే తెలివైనదిగా కనిపిస్తుంది.

మన కాలనీల్లో పొద్దున్నే స్వచ్ఛ ఆటో వస్తుంది. ఇంట్లో ఏం వండారో, ఎందరు చుట్టాలొచ్చారో ఆటోవాడికి ఇంట్లోకి రాకుండానే తెలిసిపోతుంది, చెత్తబుట్ట చూస్తే చాలు. మన ఒంట్లోనూ దాదాపు ప్రతి కణమూ తన లోపల పాతబడిన ప్రొటీన్లను ముక్కలు చేసి, కొన్ని నమూనాలను గుమ్మం బయట పెడుతుంది. టి కణాలు ఇంటింటికీ తిరుగుతూ ఆ బుట్టలు చూస్తాయి. లోపల వైరస్ కాపురం పెడితే దాని ముక్కలు కూడా బుట్టలో కనిపిస్తాయి. అంతే, ఆ ఇంటిని అందులోని వైరస్‌తో సహా కూల్చేస్తాయి. కొన్ని వైరస్‌లు గడుసువి, బుట్టలు బయట పెట్టకుండా ఆపేస్తాయి. బుట్టే లేని ఇంటిని చూస్తే చంపే మరో రకం కణాలు వాటికోసం సిద్ధంగా ఉంటాయి!

ఇంత అధికారం ఉన్నవాళ్ళు తప్పుగా చూస్తే మన కొంపే కూలుతుంది. అందుకే టి కణాలకు చిన్నప్పుడే పరీక్ష ఉంటుంది. రొమ్ము ఎముక వెనక థైమస్ అనే గ్రంథిలో, మన సొంత ప్రొటీన్ ముక్కలు చూపిస్తారు. వాటి మీద విరుచుకుపడినవాటిని, ఏదీ గుర్తుపట్టలేని మొద్దులను కూడా, అక్కడే చంపేస్తారు. నూటికి అయిదు కూడా బయటపడవు. ఎంసెట్ దీనికంటే నయం. అయినా కొన్ని తప్పించుకుంటాయి. వాటిని అదుపులో పెట్టే కాపలా టి కణాలను కనిపెట్టినందుకే 2025లో సకగుచి, బ్రంకో, రామ్స్‌డెల్‌లకు నోబెల్ ఇచ్చారు. ఈ అదుపు తప్పినప్పుడే కీళ్ళవాతం, పిల్లల్లో వచ్చే మధుమేహం లాంటివి పుడతాయి.

బాక్స్: కరిచాక వేసే సూది ఎలా పనిచేస్తుంది?

టీకా అంటే జబ్బు రాకముందు వేసేది. మరి కుక్క కరిచాక వేయించుకుంటే ఏం లాభం? ఇది పరుగు పందెం. రేబిస్ వైరస్ గాయం నుంచి మెదడుకు నరాల వెంట నెమ్మదిగా పాకుతుంది. సాధారణంగా వారాలు, నెలలు పడుతుంది. సరిపోయే చెవి వెతికి, గుణించి, యాంటీబాడీలు తయారు చేయడానికి ఒంటికి పట్టేది రెండు వారాలలోపే. అందుకే వెంటనే మొదలుపెడితే మనమే ముందు చేరతాం. లోతైన గాయమైతే ఆ రెండు వారాల సందు పూడ్చడానికి, ముందే తయారైన యాంటీబాడీలను గాయంలోనే ఎక్కిస్తారు. అది అరువు సరుకు. కొన్ని వారాల్లో కరిగిపోతుంది, జ్ఞాపకం మిగల్చదు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్నది పాత టీకా సంగతి, ఇప్పుడది లేదు. ఇప్పుడు చేతికి నాలుగైదు సూదులు. హైదరాబాదులో కుక్కకాటు అనగానే గుర్తొచ్చే నారాయణగూడ ఐపీఎంకు వెళ్ళేలోపు చేయాల్సిన పని ఒకటుంది. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం పెట్టకండి.

తెలియకుండానే గెలిచినవాళ్ళు

గొడవ సద్దుమణిగాక, గుణించిన కణాల్లో చాలావరకు చచ్చిపోతాయి. బిళ్ళ కరుగుతుంది. కొన్ని మాత్రం మిగిలిపోతాయి. అవే జ్ఞాపక కణాలు. కొన్ని ఎముక మూలుగలో కుదురుకుని దశాబ్దాల పాటు యాంటీబాడీలు కొద్దికొద్దిగా వదులుతూనే ఉంటాయి. ఆటలమ్మ ఒకసారి పోసినవాళ్ళకు మామూలుగా మళ్ళీ పోయకపోవడానికి కారణం ఇదే. ఈ జ్ఞాపకం ఎన్నాళ్ళుంటుంది? డెన్మార్కు ఏలుబడిలోని ఫారో దీవుల్లో 1846లో తట్టు వ్యాపించింది. అంతకుముందు అక్కడ తట్టు చూసింది 1781లో. 65 ఏళ్ళ కిందట, పసితనంలో తట్టు వచ్చిన ముసలివాళ్ళను ఈసారి అది ముట్టలేదని పానుమ్ అనే యువ వైద్యుడు రాసిపెట్టాడు. మధ్యలో ఎవరూ వాళ్ళకు ఆ జబ్బును గుర్తుచేయలేదు.

మన దగ్గరి లెక్క ఇంకా ఆసక్తికరం. 2021 మార్చిలో సీసీఎంబీ, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, భారత్ బయోటెక్ కలిసి ఒక సర్వే ఫలితం ప్రకటించాయి. నగరంలోని 30 వార్డుల్లో, 9,000 మందికి పైగా రక్తం పరీక్షిస్తే, 54 శాతం మందిలో కరోనా యాంటీబాడీలు ఉన్నాయి. వాళ్ళలో నూటికి 75 మందికి తమకు కరోనా వచ్చిపోయిన సంగతే తెలియదు. టీకాలు అప్పటికి సామాన్యుల దాకా రాలేదు. అంటే ఉప్పల్ మెట్రోలో పక్క సీటులో కూర్చున్నాయన, రైతుబజారులో తోటకూర కట్టలు లెక్కపెట్టే ఆవిడ, ఒక ప్రపంచ మహమ్మారిని ఓడించి ఆ విషయమే తెలియకుండా పనుల్లో ఉండి ఉండవచ్చు. మనకు తెలిసేది ఒళ్ళు ఇబ్బందిపడ్డ జబ్బులే. సాఫీగా తీర్చేసినవి లెక్కలోకి రావు.

ఈ అంకె చూసి ఇక గండం గడిచిందని చాలామంది అనుకున్నారు. నెల తిరగకుండానే రెండో అల వచ్చింది. మిగతా సగం మంది ఉండనే ఉన్నారు. పైగా వచ్చిన డెల్టా రకం తాళం పళ్ళు కొంచెం మార్చుకుని వచ్చింది. రక్తంలో యాంటీబాడీలు నెలలు గడిచేకొద్దీ తగ్గుతాయి కూడా. జ్ఞాపకం ఉన్నంత మాత్రాన గుమ్మంలోనే ఆపగలమని కాదు. లోపలికి వచ్చినవాణ్ణి త్వరగా పట్టుకోగలం, చాలామందిలో జబ్బు ముదరదు, అంతవరకే.

అంబర్‌పేట మురుగు, చిటికెడు మందు

టీకా చేసేది ఒకటే: జబ్బు లేకుండా జ్ఞాపకం పెట్టడం. దొంగను తేనక్కర్లేదు, ఫొటో చాలు. ఆ ఫొటో తయారీలో మన నగరానికి పేరుంది. 1993లో మొదలైన శాంతా బయోటెక్నిక్స్ పరిశోధనల్లో కొంతభాగం ఈ సీసీఎంబీ ప్రయోగశాలల్లోనే నడిచింది. 1997లో హెపటైటిస్-బి టీకా బయటికొచ్చింది. అందులో వైరస్ లేదు. వైరస్ పైతొడుగులోని ఒక్క ప్రొటీన్‌ను ఈస్ట్ కణాల చేత తయారు చేయించారు. వందల రూపాయలు పలికే దిగుమతి టీకా స్థానంలో దాదాపు యాభై రూపాయల టీకా వచ్చింది.

కానీ ఫొటో ఎక్కడ చూపించాలన్నది కూడా ముఖ్యమే. 2016లో ఏప్రిల్ 25న దేశమంతా పోలియో చుక్కల మందులోంచి రెండో రకం వైరస్‌ను తీసేశారు. అది ప్రకృతిలో ఎప్పుడో అంతరించింది, చుక్కల్లోని బలహీనమైన వైరస్ మాత్రం మురుగులోకి పోయి, టీకాలు సరిగా అందని జనంలో తిరిగి తిరిగి మళ్ళీ బలం పుంజుకునే ప్రమాదం ఉంది. కొన్ని వారాల తర్వాత అంబర్‌పేట మురుగునీటి నమూనాలో అలా మారిన రెండో రకం వైరస్ కనిపించింది. ఉప్పల్ నుంచి కోఠీ బస్సెక్కితే రామంతాపూర్ దాటగానే వచ్చే అంబర్‌పేటే. ఎవరికీ పోలియో రాలేదు, అయినా అధికారులు ఆగలేదు. జూన్ 20 నుంచి 26 వరకు హైదరాబాద్, అప్పటి రంగారెడ్డి జిల్లాల్లోని ప్రమాదకర ప్రాంతాల్లో, ఆరువారాల నుంచి మూడేళ్ళలోపు పిల్లలు మూడు లక్షల మందికి పైగా సూది వేశారు.

ఆ సూదిలో మందు మామూలు మోతాదులో అయిదో వంతే. 0.5 మిల్లీలీటర్లకు బదులు 0.1. ప్రపంచంలోనే టీకా కొరత ఉన్న రోజులవి. అయితే దాన్ని కండలోకి కాకుండా చర్మంలోకి ఎక్కించారు. ఎందుకంటే, పైన చెప్పిన ‘కబురు మోసే’ కణాలు కండలో పలచగా, చర్మంలో దట్టంగా ఉంటాయి. లేత్ షెడ్డు కుర్రాడి వేలికి జరిగినదాన్నే పిల్లల చేతిమీద కావాలని, క్రిమి లేకుండా జరిపించారు. చిటికెడు మందే చంకలోని గ్రంథికి కబురు చేర్చింది.

సగం పట్టే తాళంచెవి

ఈ జ్ఞాపకం ఒక్కోసారి మోసం చేస్తుంది. వానలు పడి, కూలర్లలో, పూలకుండీల్లో నీళ్ళు నిలిచి, ఉప్పల్‌లో ఇంటికొకరు జ్వరంతో పడుకునే రోజుల్లో ఈ మాట గుర్తుంచుకోవాలి. డెంగీ వైరస్‌లు నాలుగు రకాలు. ఒక రకం వచ్చిపోతే ఆ రకానికి రక్షణ ఉంటుంది. తర్వాత మరో రకం వస్తే పాత చెవులు తాళంలోకి దూరతాయి గానీ తిరగవు. సగం పట్టుకున్న యాంటీబాడీలను మింగే కణాలు యథాప్రకారం లోపలికి లాక్కుంటాయి, వాటితోపాటు బతికున్న వైరస్ కూడా లోపలికి పోయి అక్కడే పిల్లల్ని పెడుతుంది. అందుకే రెండోసారి డెంగీ మొదటిదానికంటే ప్రమాదం కావచ్చు. ‘నాకు పోయినేడే వచ్చింది, ఇంక రాదు’ అనే ధీమా ఇక్కడ చెల్లదు.

‘శక్తి’ అనే మాటతో తంటా

తెలుగులో ఇమ్యూనిటీని రోగనిరోధక శక్తి అన్నాం. ఆ ‘శక్తి’ మనల్ని దారి తప్పించింది. శక్తి అనగానే కండబలం లాంటిదని, పాలు తాగితే పెరుగుతుందని అనుకుంటాం. 2020లో ప్రతి మందుల షాపులోనూ ‘ఇమ్యూనిటీ బూస్టర్’ పొడులు, కషాయాలు గుట్టలు పోశారు. మా ఇంట్లోనూ కొన్నాం, దాచిపెట్టడమెందుకు. మిరియాల కషాయం గొంతుకు హాయిగానే ఉంటుంది. కానీ అది ఏ బి కణానికీ కొత్త తాళాన్ని చూపించదు. పైగా ఈ వ్యవస్థను గుడ్డిగా ‘పెంచితే’ వచ్చేవి ఉబ్బసం, కీళ్ళవాతం. కరోనాలో చాలామంది ఊపిరితిత్తులను దెబ్బతీసింది వైరస్ ఒక్కటే కాదు, అదుపు తప్పిన వాళ్ళ సొంత సైన్యం కూడా. తిండి చాలనివాళ్ళకు, మధుమేహం అదుపులో లేనివాళ్ళకు, నిద్రలేనివాళ్ళకు ఈ వ్యవస్థ మందగిస్తుందన్నది నిజం. దానికి మందు అన్నం, పప్పు, ఆకుకూర, నిద్ర. పొట్లాలు కావు.

మళ్ళీ లేత్ షెడ్డుకు

కుర్రాణ్ణి మేస్త్రీ నాచారం ఈఎస్ఐ ఆసుపత్రికి పంపాడనుకుందాం. గాయం కడిగి, కట్టుకట్టి, ముందు అడిగే ప్రశ్న టీటీ, అంటే ధనుర్వాతం సూది, ఎప్పుడు వేయించుకున్నావని. ధనుర్వాతం తుప్పు వల్ల వస్తుందని అందరూ అనుకుంటారు. తుప్పుకు ఏ పాపమూ తెలియదు. మట్టిలో, పశువుల పేడలో ఉండే బాక్టీరియా గాలి తగలని లోతైన గాయంలో పెరిగి, విషం చేస్తుంది. ఆ విషం ఎంత తీక్ష్ణమంటే, మనిషిని చంపడానికి చాలిన మోతాదు బి కణాలకు కబురందించడానికి చాలదు. అందుకే ధనుర్వాతం వచ్చి బతికినవాళ్ళకు కూడా ఆటలమ్మలాగా రక్షణ మిగలదు, వాళ్ళూ టీకా వేయించుకోవాల్సిందే. ఈ జబ్బు విషయంలో ఒంటికి జ్ఞాపకం పెట్టగలిగేది సూది ఒక్కటే.

ప్రభుత్వ పట్టికలో ఇప్పుడు టీటీ స్థానంలో డిఫ్తీరియాకు కూడా పనికొచ్చే టీడీ ఉంది. పసితనపు సూదుల తర్వాత పదేళ్ళ వయసులో ఒకటి, పదహారేళ్ళ వయసులో ఒకటి వేస్తారు. ఆ తర్వాత పదేళ్ళకోసారి వేయించుకోమని డాక్టర్లు చెబుతారు. ఇనుముతో, మట్టితో, పశువులతో పనిచేసేవాళ్ళు, చివరి సూది ఏ ఏడాది పడిందో గుర్తులేనివాళ్ళు, గాయం అయ్యేదాకా ఆగకుండా ఈసారి బస్తీ దవాఖానా వైపు వెళ్ళినప్పుడు ఒక మాట అడగండి.